ఇద్దరికీ ఒకే ఖాతా

కొత్తవాడ, వరంగల్
ఏప్రిల్ 12

తమ్ముడు కైలాసానికి,

ఫోనెత్తవు కాబట్టి మెయిల్ రాస్తున్నాను. ఉగాది నాడు చేశాను, ఎత్తలేదు. "షెడ్డుల ఉన్న అక్కా, మగ్గాల చప్పుడు, మెయిల్ పెట్టు" అని మెసేజ్ వచ్చింది. మర్నాడు చేసినా అదే మెసేజ్. భీవండిలో మగ్గాలకు పండుగ సెలవు కూడా ఉండదా అని మీ బావ అడుగుతున్నాడు.

అసలు విషయం ముందు చెప్తాను. ఇక్కడ టెక్స్‌టైల్ పార్కులో ఓంప్రకాశ్ సేఠ్ అని సూరత్ నుంచి వచ్చినాయన కొత్త షెడ్డు వేశాడు. నూలు ధర మాట్లాడటానికి మా దర్రీ జంపఖానాల సొసైటీకి వచ్చి, మరమగ్గాలు బాగుచేసే జాబర్ దొరకడం లేదన్నాడు. నేను కంప్యూటర్ ముందు నుంచి లేచి మరీ నీ పేరు చెప్పాను. మా సొంత తమ్ముడు, భీవండిలో జాబర్, పెళ్ళాం పిల్లలు లేరు, రమ్మంటే ఒక్క సంచితో వస్తాడు అన్నాను. ఆయన నవ్వి, ముందు వీడియో కాల్‌లో మాట్లాడతానన్నాడు. ఆయన ఇచ్చిన లింకు ఈ మెయిల్ కిందే పెట్టాను.

సెలవు మీద వచ్చి తిరిగి పోయే ప్రతిసారీ నువ్వు ఒక్క మాటే అంటావు: "ఇక్కడ పని దొరికితే మళ్ల భీవండి మొకం చూడనక్కా." దొరికేటట్టు ఉంది. మాట్లాడు.

ఇంకో చిన్న సంగతి. జాతరకు వచ్చినప్పుడు నువ్వు ఇచ్చిన లాప్‌టాప్ బాగా పనిచేస్తోంది. కానీ ఇంటర్నెట్ తెరవడానికి నువ్వు పెట్టిన ఫైర్‌ఫాక్స్ మానేసి క్రోమ్ పెట్టుకున్నాను. సొసైటీలో అదే వాడతాం, చెయ్యి అలవాటైంది. అక్షరాలు కూడా కొంచెం పెద్దగా కనిపిస్తున్నాయి. ఏమీ అనుకోకు.

సేఠ్‌తో ఎప్పుడు మాట్లాడతావో రాయి.

మీ అక్క
పద్మలత

*

పద్మానగర్, భీవండి
ఏప్రిల్ 15

పద్మక్కకు,

క్రోమ్ పెట్టుకున్నావా? నన్నొక్క మాట అడిగావా?

మేడారం నుంచి తిరిగొచ్చిన రోజు, ఒంటి మీద దుమ్ము కూడా కడుక్కోకుండా ఆ లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. నీ కోసం ఫైర్‌ఫాక్స్ ఎక్కించాను. తెలుగు కీబోర్డు పెట్టాను. నువ్వు పాస్‌వర్డులు మరిచిపోతావని నా ఖాతాతోనే లాగిన్ చేసి ఇచ్చాను. "ఒక ఇంటికి రెండు తాళాలెందుకురా" అని నువ్వే అన్నావు. ఇప్పుడు చెయ్యి అలవాటైందంటున్నావు. ఫైర్‌ఫాక్స్‌కు అలవాటు కాని చెయ్యి క్రోమ్‌కు ఎట్లా అలవాటైంది?

నేను ఊరికే ఒకదాన్ని పట్టుకుని వేలాడే మనిషిని కాదు. ఫైర్‌ఫాక్స్ వెనక లాభం కోసం కాకుండా పనిచేసే సంస్థ ఉంది. క్రోమ్ ప్రకటనల మీద బతికే కంపెనీది. బజారుకు పోయే దారి కూడా దుకాణదారుడే వేస్తే, ఆ దారి ఎవరి గుమ్మం ముందు నుంచి పోతుందో నీకు వేరే చెప్పాలా? పైగా ఆ లాప్‌టాప్ పాతది. దాని మీద ఎక్కువ బరువు వేయకు. అక్షరాలు పెద్దవి కావాలంటే ఫైర్‌ఫాక్స్‌లోనూ అవుతాయి. కంట్రోల్ నొక్కి ప్లస్ కొట్టు. అక్షరాల కోసం ఇల్లు మారుతారా?

సేఠ్ లింకు సంగతి. అది నా ఫైర్‌ఫాక్స్‌లో తెరుచుకోవడం లేదు. దాని కోసం వేరే బ్రౌజర్ ఎక్కించుకోను. మన పద్ధతి మనది. వీలు కాలేదని ఆయనకు చెప్పు.

బావ మోకాలు ఎట్లుంది?

కైలాసం

*

కొత్తవాడ, వరంగల్
ఏప్రిల్ 17

పద్ధతి గల తమ్ముడికి,

ఎవరైనా దర్రీ కొలత తక్కువైందంటే నేను వాదించను, టేపు తీస్తాను. లింకు తెరుచుకోలేదన్నావు కదా, నీ ఫైర్‌ఫాక్స్‌లోనే తెరిచి చూశాను. మొదటి దెబ్బకే తెరుచుకుంది. నా ముఖం కనిపించింది. వెనక పక్కింటి మొగిలమ్మ ముఖం కూడా కనిపించింది. చింతచిగురు ఇవ్వడానికి వచ్చి నా భుజం మీది నుంచి తొంగి చూస్తోంది.

"అబ్బో, ఇద్దరం టీవీల పడ్డమే! ఎవలకు జేస్తానవ్?" అంది.

"మా కైలాసానికి పని చూస్తాన."

"ఆ పిలగానికా? పెండ్లి జెయ్యక పని జూత్తవేందే?"

"పిలగాడు కాదు, యాభై దాటినయ్."

"దాటితే దాటనీ. పెండ్లి గాకపోతే పిలగాడే."

కాబట్టి పిలగాడా, లింకులో లోపం లేదు, ఫైర్‌ఫాక్స్‌లో లోపం లేదు. నీ మెయిల్‌లో బ్రౌజర్ గురించి ఒక పేజీ ఉంది. పాతికేళ్ళుగా కోరుకున్న పని గురించి నాలుగు ముక్కలున్నాయి. అవి కూడా నిజం కాదు. నువ్వు నాతో చిన్నప్పటి నుంచి కొట్లాడావు కానీ అబద్ధం ఎప్పుడూ ఆడలేదు. ఏమైంది?

సేఠ్ నిన్న మళ్ళీ అడిగాడు. "మీ తమ్ముడు పెద్ద మనిషిలా ఉన్నాడు, దొరకడం లేదు" అన్నాడు. ఈ నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. మీ బావ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: "బ్రౌజరో బ్రౌజరో అని కొట్లాడుతాండు గని, జర ఆ ఫోనెత్తుమను. గొంతు ఇని ఎన్నాళ్లాయె."

మీ బావ మోకాలు బాగానే ఉంది. నొప్పి నా మోకాలిది. ఆయనదని నీకు ఎవరు చెప్పారు?

అక్క

*

పద్మానగర్, భీవండి
మే 3

అక్కా,

ఆలస్యమైంది. షిఫ్టు మార్చారు. నెట్ సెంటర్లో కెమెరా చెడిపోయింది. గదిలో సిగ్నల్ ఉండదు. మొన్న గట్టి వాన కూడా పడింది.

ఇవన్నీ ఒకే మెయిల్‌లో చదివితే నీకేమనిపిస్తుందో నాకు తెలుసు. మా గదిలో ఉండే పరకాల రమేశ్ కూడా అదే అన్నాడు. నేను ఇది టైపు చేస్తుంటే పక్కన కూర్చుని చూశాడు. "అన్నా, అక్కతోని బ్రౌజర్ మీద పంచాయతి పెట్టినవా? లోకంల ఎవలన్న పాలోళ్లతోని భూమి మీద పెడ్తరు, వాటాల మీద పెడ్తరు. నువ్వేంది?" అన్నాడు. నీ పని నువ్వు చూసుకొమ్మన్నాను. భుజం తట్టి పోయాడు. మంచి పిల్లవాడు.

ఓంప్రకాశ్ సేఠ్‌కు నా బదులు ఇంకెవరినైనా చూసుకొమ్మని చెప్పు. కొత్త రకం మగ్గాలు, కొత్త మనుషులు. ఈ వయసులో నాకెందుకు? ఇక్కడ అలవాటైంది. చెయ్యి అలవాటైందని నువ్వు క్రోమ్ వాడుకోవచ్చు కానీ, అలవాటైందని నేను భీవండిలో ఉండకూడదా?

ఒక్క మాట అడుగుతాను, తిట్టకు. క్రోమ్ వాడుకో, వద్దనను. కానీ రోజుకు ఒకసారైనా ఫైర్‌ఫాక్స్ తెరువు. ఏదో ఒకటి వెతుకు. పంచాంగమైనా సరే. నువ్వు దాన్ని తెరవక ఎన్నాళ్ళైందో నాకు తెలుసు. మధ్యలో ఒక్కరోజు తెరిచి ఆ లింకు చూశావు, మళ్ళీ లేదు. ఎందుకని అడగకు. తమ్ముడు అడిగాడనుకుని తెరువు.

కైలాసం

*

కొత్తవాడ, వరంగల్
మే 9

కైలాసం,

నీ మెయిల్ చాలాసార్లు చదివాను. "నాకు తెలుసు" అన్నావు. నేను ఫైర్‌ఫాక్స్ ఎప్పుడు తెరిచానో, ఎప్పుడు మూశానో భీవండిలో కూర్చున్న నీకెట్లా తెలుసు? అప్పుడు అర్థమైంది. ఖాతా ఒకటే. నేను వెతికేవి నీకు కనిపిస్తున్నాయి. మోకాలి నొప్పి సంగతి కూడా అట్లాగే తెలిసింది. కాకపోతే అది బావదనుకున్నావు.

అయితే నీకు తోచనిది ఒకటుంది. అవి ఇటునుంచి అటు వస్తే, అటునుంచి ఇటు కూడా వస్తాయి కదా.

నేను క్రోమ్‌కు మారింది అక్షరాల కోసం కాదు. ఫిబ్రవరి చివర ఒకరోజు పొద్దున చేనేత శాఖ పేజీ కోసం మొదటి అక్షరం కొట్టాను. మిగతాది అదే చూపిస్తుందని ఆగాను. చూపించింది. "చెవిలో ఎప్పుడూ గుయ్యిమని మోత ఎందుకు." దాని కింద, "చెవి మిషన్ బయటికి కనపడనిది." దాని కింద, "చెవులు వినపడకపోతే జాబర్ పని చేయొచ్చా." మా ఇంట్లో ఎవరూ అట్లాంటివి వెతకలేదు. జాబర్ అన్న మాట చూశాక నువ్వేనని తెలిసింది.

మొదటిసారి తెలియక చదివాను. ఆ తర్వాత వారం రోజులు తెలిసే చదివాను. పొద్దున లేవగానే అదే పని. భీవండిలో చెవి డాక్టరు ఎక్కడున్నాడని ఒకరోజు, ఫీజు ఎంతని ఒకరోజు. పోయినట్టు మాత్రం ఎక్కడా లేదు. ఎదుటి మనిషి చెప్పనిది కిటికీలోంచి చూస్తున్నట్టనిపించింది. చూసి ఊరుకోలేను, చూశానని చెప్పలేను. అందుకే ఆ కిటికీ మూసి క్రోమ్ తెరుచుకున్నాను. ఫోన్ చేస్తే ఎందుకెత్తవో నాకు అప్పటికే తెలుసు. అయినా చేశాను. నీ నోటితో చెప్తావేమోనని.

పడుచు వయసులో నీకు పెళ్ళి మాట ఎత్తితే మగ్గం చప్పుడులో వినిపించలేదనేవాడివి. అప్పుడు నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతాను. చెప్పు.

సేఠ్‌కు వద్దని నేను చెప్పను. ఇంకో జాబర్ దొరికేదాకా చూస్తానన్నాడు. దొరకొద్దని రోజూ దేవుడికి దండం పెడుతున్నాను. ఆయన షెడ్డు ఆగిపోతే ఆ పాపం నాదే.

అక్క

*

కొత్తవాడ, వరంగల్
మే 27

కైలాసం,

అలిగావా? బతికే ఉన్నావని మాత్రం తెలుసు. నిన్న పొద్దున "ఇడ్లీ పిండి పులియకపోతే" అని నువ్వు వెతికావు. అవును, ఫైర్‌ఫాక్స్ తెరిచాను. నువ్వే కదా తెరవమన్నావు.

పిండి పులియకపోతే రవ్వతో ఉప్మా చేసుకో.

అక్క

*

పద్మానగర్, భీవండి
జూన్ 2

అక్కా,

కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేక ఇన్నాళ్ళు రాయలేదు. ఖాతా కలిపింది నేనే, నీ మీద కోపం చెల్లదు. ఉప్మానే చేశాను. బాగా కుదరలేదు.

చెప్తాను. ఏడాదిన్నర నుంచి ఎడమ చెవి తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు కుడిది కూడా. మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి చాలావరకు అందుకుంటాను. ఫోన్‌లో పెదాలుండవు. అందుకే ఎత్తను. నీ గొంతు వినపడి మాట అర్థం కాకపోతే, అది ఎత్తకపోవడం కంటే కష్టంగా ఉంటుంది. ఒకసారి ఎత్తి చూశాను కాబట్టి చెప్తున్నాను.

నీకు ఈ పని తెలుసు. పాత మగ్గాల షెడ్డులో జాబర్‌కు మొదటి పానా చెవే. వంద మగ్గాల మోతలో ఒకటి తేడాగా కొడితే నడుస్తూ నడుస్తూ తల అటు తిరగాలి. పోయిన దసరా ముందు ఒకరోజు షెడ్డంతా ఒక మగ్గం వైపు తిరిగి చూసింది. నేను తిరగలేదు. అప్పటి నుంచి రమేశ్ నా దగ్గరలోనే పని చేస్తున్నాడు. ఏదైనా తేడా వస్తే భుజం తట్టి చూపిస్తాడు. మిగతావాళ్ళకు ఇంకా తెలియదు. తెలిస్తే ఇక్కడ కూడా పని ఉండదు.

ఇట్లా ఉన్నవాణ్ని నువ్వు సేఠ్ ముందు నిలబెడితే ఏమవుతుంది? మొదటి రోజే బయటపడుతుంది. భీవండిలో పోతే నా పేరు ఒక్కటే పోతుంది. అక్కడ నీ పేరు చెప్పుకుని వస్తాను. సొసైటీలో నీ మాటకు ఒక విలువ ఉంది. దాని మీదికి తేలేను. వద్దన్నది అందుకు. రావాలని లేక కాదు.

ఇంక ఫైర్‌ఫాక్స్ సంగతి. నీ వెతుకులాట నాకు వస్తుందని జాతర నుంచి తిరిగొచ్చిన వారానికే తెలిసింది. చెప్పి ఉండాల్సింది. చెప్తే ఆపేస్తావని చెప్పలేదు. పొద్దున నా ఫోన్‌లోని ఫైర్‌ఫాక్స్‌లో పంచాంగం వచ్చేది, అక్క లేచిందనుకునేవాణ్ని. తర్వాత చేనేత వచ్చేది, ఆఫీసు పని మొదలుపెట్టిందనుకునేవాణ్ని. ఒకసారి "బెండకాయ జిగురు పోవాలంటే" అని వచ్చింది. ఇన్నేళ్ళు వచ్చినా అక్కకు బెండకాయ కుదరడం లేదని షెడ్డులో ఒక్కణ్నే నవ్వుకున్నాను. ఇంకోరోజు "భీవండిలో ఇవ్వాళ వాన" అని వచ్చింది. ఆ రోజు అకాల వానలో గొడుగు లేకుండా తడిశాను. అయినా బాగుంది.

ఫోన్‌లో నీ మాట అందదు. అది ఒక్కటే మిగిలింది అనుకున్నాను. ఒకరోజు అదీ ఆగిపోయింది. తర్వాత క్రోమ్ అన్నావు. ఆ బ్రౌజర్ మంచిదా ఈ బ్రౌజర్ మంచిదా అని నేను రాసిందంతా తీసెయ్. నాకు కావలసింది అది కాదు.

కైలాసం

*

కొత్తవాడ, వరంగల్
జూన్ 8

తమ్ముడికి,

ఏడ్చాను, అయిపోయింది. ఇప్పుడు పని సంగతి.

నీ మెయిల్ మీ బావకు చదివి వినిపించాను. ఆయన "వానికి సగం చెవుడైతే నాకు సగం మతిమరుపు. ఇద్దరం కలిస్తే ఒక మనిషైతం, రమ్మను" అన్నాడు.

ముందు దవాఖాన. ఇక్కడ చెవి డాక్టరు దగ్గర పరీక్ష చేసి, ఎంత వినికిడి ఉందో కాగితం మీద గీసి ఇస్తారట. మిషన్ పెట్టుకుంటే చాలామందికి ఎదుటివాళ్ళ మాట తెలుస్తుందట. అందరికీ ఒకేలా ఉండదని కూడా చెప్పారు. నీకెంత పనిచేస్తుందో పరీక్ష అయ్యేదాకా ఎవరూ చెప్పలేరు. నువ్వు వెతికిన బయటికి కనపడని మిషన్ గురించి కూడా అడిగాను. కనపడితే ఏమైందమ్మా అన్నాడు కాంపౌండర్. నాకూ అదే అనిపించింది. కళ్ళద్దాలు దాచుకుని పెట్టుకుంటున్నామా?

రెండో సంగతి. ఇది విని మళ్ళీ కొట్లాటకు రాకు. క్రోమ్‌లో ఒక సదుపాయం దొరికింది. కంప్యూటర్‌లో ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ళ మాటలు కింద అక్షరాలుగా పడతాయి. మన తెలుగుకు నాకు దొరకలేదు కానీ హిందీకి పనిచేసింది. సేఠ్ మాట్లాడేది హిందీయే. వీడియో కాల్ పెట్టి మీ బావను ఆ గదిలోంచి మాట్లాడమన్నాను. ఆయనకొచ్చిన హిందీ నీకు తెలుసు కదా. "ఖానా ఖాయా క్యా" అన్నాడు. ఉన్నదున్నట్టు అక్షరాలు పడ్డాయి. ఇంకేదైనా అనమంటే "చాయ్ పియా క్యా" అన్నాడు. అదీ పడింది. నిజం చెప్పాలంటే మాటకూ అక్షరానికీ మధ్య కొంచెం ఆలస్యం ఉంది. పట్టి చూస్తే తప్ప తెలియదు.

నెట్ సెంటర్లో క్రోమ్ తెరిచి, అక్షరాలు చూస్తూ సేఠ్‌తో మాట్లాడు. చెవుల సంగతి ఏమీ అనకు. ముందు పని ఒప్పుకోనీ. వచ్చి మిషన్ పెట్టుకున్నాక మెల్లగా నేనే చెప్తాను. ఆయనకు ఇంకా జాబర్ దొరకలేదు. నా పేరు గురించి నువ్వు ఫికర్ చేయకు. తమ్ముడి కోసం కాస్త పోతే పోనీ.

అక్క

*

పద్మానగర్, భీవండి
జూన్ 21

అక్కా,

మాట్లాడాను.

నెట్ సెంటర్లో కూర్చుని నీ క్రోమ్ తెరిచాను. ఆ అక్షరాలు వచ్చేటట్టు పెట్టుకున్నాను. ఈ విషయంలో నువ్వు గెలిచావు. ఫైర్‌ఫాక్స్‌లో అట్లాంటిది నాకు దొరకలేదు. రాసి ఇస్తున్నాను, బావకు కూడా చూపించు.

మొదట బాగా నడిచింది. సేఠ్ ఎన్ని మగ్గాలు చూశావని అడిగాడు, అక్షరాలు పడ్డాయి, చెప్పాను. ఏ రకం మగ్గాలని అడిగాడు, చెప్పాను. మన పని మాటలు కొన్ని తప్పుగా పడ్డాయి కానీ అందాజాగా అందుకున్నాను. ఆయనకు అనుమానం రాలేదు. నువ్వన్నట్టే పని అయిపోయేది.

అప్పుడాయన ఏదో అని నవ్వాడు. నేను కిందికి చూశాను. అక్షరాలు పడేసరికి ఆయన నవ్వడం అయిపోయింది. హైదరాబాద్ బిర్యానీ గురించి ఏదో జోకు. నేను అప్పుడు నవ్వాను. ఆయన నా వైపు ఒక రకంగా చూశాడు. ఆ ఆలస్యం నువ్వు రాసినంత చిన్నదే. కానీ మగ్గం దగ్గర అంత ఆలస్యమైతే బట్ట చెడుతుంది. ఒక్కోసారి మనిషికి దెబ్బ కూడా తగులుతుంది. బిర్యానీ దగ్గర దాచగలను, మగ్గం దగ్గర దాచలేను.

చెప్పేశాను. ఆయన హిందీలో అన్నవి నీకు తెలుగులో రాస్తున్నాను.

"సేఠ్‌జీ, నాకు చెవులు సరిగా వినపడవు. మీ మాటలు ఇక్కడ అక్షరాల్లో చదువుతున్నాను" అన్నాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "మీ అక్కకు తెలుసా?"

"తెలుసు. మీకు చెప్పొద్దంది."

తప్పలేదక్కా, అడిగాడు కాబట్టి చెప్పాను. ఆయన పెద్దగా నవ్వాడు. ఈసారి అక్షరాలు అక్కర్లేకపోయింది.

"ఎంత వినపడుతుంది?"

"ఎదురుగా ఉంటే మాట తెలుస్తుంది. వెనక నుంచి పిలిస్తే తెలియదు. మగ్గాలు నడిచేచోట అసలు తెలియదు."

"మగ్గాలు నడిచేచోట నాకూ తెలియదు" అని, ఫోన్ పట్టుకుని లేచి షెడ్డులోకి నడిచాడు. అన్నీ కొత్త మగ్గాలు. ఒక్కోదాని మీద రంగురంగుల దీపాల స్తంభం ఉంది. పోగు తెగితే ఒక రంగు వెలుగుతుంది, మనిషిని పిలవాలంటే ఇంకో రంగు. ఆ చివర నుంచి ఈ చివరకు కనిపిస్తాయి. అట్లాంటివి ఉంటాయని విన్నాను కానీ చూడలేదు. మా షెడ్డు మగ్గాలు మనకన్నా పెద్దవి, వయసులో.

"దీపాలు ఆగిపోయింది చెప్తాయి. ఆగబోయేది చెప్పవు. అది నువ్వెట్లా పట్టుకుంటావు?" అని అడిగాడు. చెయ్యి పెట్టి చూస్తే కొంత తెలుస్తుంది, అన్నీ తెలియవు అన్నాను. అన్నీ తెలుస్తాయని చెప్పి ఉంటే నమ్మేవాణ్ని కాదన్నాడు.

చివరికి తేలింది ఇది. సగం మగ్గాలే నాకు ఇస్తాడు. మిగతా సగానికి ఇంకొకర్ని చూసుకుంటాడు. జీతం ముందు అనుకున్నదానికంటే తక్కువ. నెల రోజులు చూస్తాడు. దవాఖానలో పరీక్ష చేయించుకుని, మిషన్ పెట్టుకునే షెడ్డులోకి రావాలి. నెల తర్వాత వద్దంటే వద్దు. ఒప్పుకున్నాను. ఉంచుకుంటాడని నమ్మకంగా చెప్పలేను. కానీ ఉంచుకుంటే నన్ను ఉంచుకుంటాడు, నేను కానివాణ్ని కాదు.

నీ మాట వినలేదు. కోప్పడకు.

ఇక్కడి సేఠ్‌కు కూడా చెప్పేశాను. ఆయన వచ్చే నెల మొదట లెక్క చూసి పంపిస్తానన్నాడు. రమేశ్ మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "అన్నా, నీ భుజం తట్టి తట్టి నా చెయ్యి అలవాటైంది. ఇగ ఎవల్ని తట్టాలె?" అన్నాడు. ఎదురుగా నిలబడి అన్నాడు.

కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ దొరికింది. జూలై 4న ఇక్కడ కళ్యాణ్‌లో ఎక్కుతాను. మర్నాడు పొద్దున వరంగల్.

కైలాసం

*

కొత్తవాడ, వరంగల్
జూన్ 25

తమ్ముడికి,

కోపం రాలేదు. సిగ్గు వచ్చింది. నిన్న ఓంప్రకాశ్ సేఠ్ సొసైటీకి వచ్చి, అందరి ముందు "పద్మలతా బెహెన్, మీ తమ్ముడు మీకంటే నిజాయితీపరుడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిన్ను ఎట్లాగైనా రప్పించాలని దాచమన్నాను. నువ్వు దాచకుండానే వస్తున్నావు. నీదే మంచి పద్ధతి.

జూలై 6న చెవి డాక్టరు దగ్గర చూపిస్తున్నాం. పేరు రాయించాను. ముందు గది సంగతి చెప్తాను. మగ్గం గదిలో నీకు మంచం వేశాం. మీ బావ ఇప్పుడు నేయడం లేదు కాబట్టి చప్పుడు ఉండదు. ఈ మాట అనగానే "వానికి చప్పుడైతే ఏంది, కాకపోతే ఏంది" అన్నాడు మీ బావ. అని, నాలుక కరుచుకుని నా వైపు చూశాడు. నేను నవ్వడంతో ఊపిరి పీల్చుకున్నాడు. నువ్వొచ్చాక ఇట్లాంటివి చాలా అంటాడు. ఎదురుగా నిలబడి అనమని చెప్పాను. అప్పుడు నువ్వూ తిట్టొచ్చు.

మొగిలమ్మకు తెలిసింది. వాడ మొత్తానికీ తెలిసింది. చెవిటోడు లాంటి పేరేదీ నీకు ఇంకా ఎవరూ పెట్టలేదు. పెడితే పెట్టనీ. ఈ వాడలో పేరు పెట్టనిది ఎవరికి?

ఇక మన పంచాయతీ. నిన్న ఫైర్‌ఫాక్స్‌లో నీ ఖాతా తీసేసి నా పేరుతో కొత్త ఖాతా తెరిచాను. పాస్‌వర్డ్ నేనే పెట్టుకున్నాను, మరిచిపోలేదు. క్రోమ్ కూడా ఉంచాను. చేనేత పనికి క్రోమ్, మిగతాదానికి నీ ఫైర్‌ఫాక్స్. పాలోళ్ళు భూమి పంచుకుని వేరు పడతారు, మనం ఖాతా పంచుకుని వేరు పడ్డాం. ఇకమీద నీ వెతుకులాట నాకు రాదు, నాది నీకు రాదు. కావలసింది అడుగు. చెప్తాను. నేనూ అడుగుతాను. బెండకాయ కుదరడం లేదని కూడా నేనే చెప్తాను.

వేరు చేసిన పొద్దున అలవాటు కొద్దీ చూశాను. నువ్వు లేచావో లేదో తెలియలేదు. కాసేపు చెయ్యి ఆడలేదు. ఇంకెన్ని రోజులు, వస్తున్నావు కదా అనుకుని పనిలో పడ్డాను.

సామాను ఎక్కువ తేకు. రమేశ్‌కు నీ కుక్కర్ ఇచ్చి రా. ఉప్మా చేసుకుంటాడు.

జూలై 5న నేనూ మీ బావా స్టేషన్‌కు వస్తాం. జనం ఎక్కువుంటారు. దిగగానే అటూ ఇటూ తిరిగి వెతకకు, దిగిన చోటే నిలబడు. నేను దూరం నుంచి పేరు పెట్టి పిలవను. నీ ముందుకొచ్చి నిలబడతాను.

అక్క